మందపాటి సెరిఫ్ అక్షరం: నలుపు పెరిగితే తెలుపు ఎక్కడికి పోతుంది?

2025 డిసెంబరులో అమెరికా విదేశాంగ మంత్రి మార్కో రూబియో తన శాఖకు ఒక ఉత్తర్వు పంపారు. ఇకమీదట శాఖ కాగితాలు కాలిబ్రి ఫాంటులో ఉండకూడదు, టైమ్స్ న్యూ రోమన్‌లోనే ఉండాలన్నది దాని సారాంశం. 2023 జనవరిలో అంతకుముందు మంత్రి ఆంటోనీ బ్లింకెన్ సరిగ్గా దీనికి తిరగేసి చెప్పారు. టైమ్స్ వద్దు, కాలిబ్రి వాడండి, చూపు ఇబ్బంది ఉన్నవాళ్ళకు అది సులువు అన్నారాయన. సర్కారు కాగితానికి హుందాతనం ముఖ్యం, అది సెరిఫ్ అక్షరంలో, అంటే గీతల కొసలకు చిన్న అడ్డగీతలున్న అక్షరంలో ఉందన్నది రూబియో పక్షం. అక్షరాల కొసన ఉండే చిన్న గీతల మీద ఇంత రాద్ధాంతమా అని చాలామందికి నవ్వొచ్చింది.

మనకూ ఇది అంత దూరపు సంగతేమీ కాదు. తనకు వచ్చే కాగితాలు ఏ4 సైజులో, టైమ్స్ న్యూ రోమన్ 14 సైజులో, ఒకటిన్నర లైను ఎడంతో ఉండాలని మన సుప్రీంకోర్టు కూడా 2020లో చెప్పింది. నెల్లూరు కోర్టు దగ్గర టైపింగ్ షాపుల్లో అఫిడవిట్ కొట్టేవాళ్ళకు ఆ ఫాంటు కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. పిటిషన్‌లో పార్టీల పేర్లు, ప్రార్థన (కోర్టును ఏం కోరుతున్నారో చెప్పే భాగం) అన్న హెడ్డింగు, కేసు నంబరు అన్నీ అదే ఫాంటులో బోల్డ్ చేసి కొడతారు. ట్రంకు రోడ్డు వెంట నాలుగు అడుగులు వేస్తే నగల కొట్టు బోర్డు మీద, బియ్యం బస్తా మీద, కాలేజీ గేటు మీద ఈ కోవ అక్షరాలే. అందరికీ కనపడే ఈ మందపాటి సెరిఫ్ అక్షరం ఎలా తయారవుతుంది, ఎక్కడ నప్పుతుంది, తెలుగులోకి వచ్చేసరికి ఎందుకు తడబడుతుంది అన్నది విడివిడిగా చూద్దాం.

## సెరిఫ్ ఏది, బోల్డ్ ఏది

టైప్‌ఫేస్ అంటే ఒకే పోలికతో గీసిన అక్షరాల కుటుంబం. టైమ్స్ న్యూ రోమన్ ఒక కుటుంబం. అందులో మామూలు, వాలు, బోల్డ్, బోల్డ్ వాలు అని నాలుగు ఉంటాయి. కచ్చితంగా మాట్లాడితే ఆ నాలుగింటిలో ఒక్కొక్కటీ ఒక ఫాంటు. వాడుకలో మనం అన్నిటినీ ఫాంటు అనే అంటాం కాబట్టి ఇక్కడా అదే మాట.

ఇంగ్లీషు పెద్ద ‘ఐ’ని టైమ్స్‌లో చూడండి. నిలువు గీతకు పైన ఒకటి, కింద ఒకటి చిన్న అడ్డగీతలు ఉంటాయి. ఆ కొసలే సెరిఫ్‌లు. అదే అక్షరం ఏరియల్‌లో వట్టి నిలువు గీత, అందుకే అది సాన్స్ సెరిఫ్, అంటే కొసలు లేనిది. సాంప్రదాయ సెరిఫ్ అక్షరానికి ఇంకో లక్షణం ఉంది: గీత మందం అంతటా ఒకేలా ఉండదు. ఇంగ్లీషు ‘ఓ’కు రెండు పక్కలా లావుగా, పైనా కిందా సన్నగా ఉంటుంది. వెడల్పు పాళీతో రాసిన రోజుల నుంచి వచ్చిన వారసత్వం అది.

ఈ లావు సన్నాల తేడా ఎంత అన్నదాన్ని బట్టి సెరిఫ్‌లను తరాలుగా చెబుతారు. 1470లో వెనిస్‌లో నికొలాస్ జెన్సన్ వేసిన అక్షరాల్లో తేడా కొద్దిగానే ఉంటుంది, లావు కాస్త ఏటవాలుగా పడుతుంది. 18వ శతాబ్దం మధ్యలో బాస్కర్‌విల్ దగ్గరికి వచ్చేసరికి తేడా పెరిగింది, వాలు తగ్గింది. ఆ శతాబ్దం చివర ఇటలీలో బొడోని, ఫ్రాన్సులో డిడో కుటుంబం దాన్ని కొసకంటా తీసుకుపోయారు: లావు గీత బాగా లావు, సన్న గీత వెంట్రుకంత. మరికొన్నాళ్ళకు లండన్‌లో ఇందుకు పూర్తిగా ఎదురు రకం పుట్టింది. విన్సెంట్ ఫిగిన్స్ 1815 ప్రాంతంలో అమ్మిన అక్షరాల్లో సెరిఫ్ కూడా నిలువు గీతంత మందంగా, ఇటుకలా ఉంటుంది. స్లాబ్ సెరిఫ్ అని పిలిచేది దాన్నే.

ఇక బోల్డ్ అంటే ఆ కుటుంబంలోనే గీత లావుగా ఉన్న రూపం. కంప్యూటర్లు ఈ మందాన్ని 100 నుంచి 900 దాకా అంకెలతో కొలుస్తాయి. మామూలుది 400, బోల్డ్ 700, 900కు పోతే బ్లాక్ అంటారు.

## ఆ కొస రాతి మీద పుట్టిందా, కుంచెలో పుట్టిందా

రోములో క్రీ.శ. 113 నాటి ట్రాజన్ స్తంభం అడుగున ఒక శాసనం ఉంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాల సెరిఫ్‌లకు ఇప్పటికీ దాన్నే ఆదర్శంగా చూపిస్తారు. ఆ కొసలు ఎందుకు వచ్చాయంటే పాత సమాధానం, ఉలి వల్ల అని. గీత చివర శుభ్రంగా ఆగాలంటే అడ్డంగా ఒక దెబ్బ వేయాలి, ఆ దెబ్బే సెరిఫ్ అయిందని. 1960లలో ఎడ్వర్డ్ కాటిచ్ అనే అమెరికన్ క్రైస్తవ మతాచార్యుడు దీన్ని కాదన్నారు. ఆయన అంతకుముందు బోర్డులు రాసే పెయింటరు కూడా. రాతి మీద ముందు చదును కుంచెతో రాశారు, కుంచెను చివర తిప్పి ఎత్తేటప్పుడు ఆ కొస వచ్చింది, శిల్పి దాని వెంబడి చెక్కాడంతే అన్నది ఆయన వాదన. ఇప్పుడు ఎక్కువమంది మొగ్గేది ఇటే. గోడల మీద రాసిన పాత పెయింటర్లను చూసినవాళ్ళకు ఈ వాదన వెంటనే ఎక్కుతుంది. కుంచె తిప్పకుండా అక్షరం ముగించమంటే వాళ్ళ చెయ్యి ఒప్పుకోదు.

రాయి సంగతి వచ్చింది కాబట్టి చీమకుర్తి దాకా పోదాం. ఒంగోలు పక్కన దొరికే ఈ నల్ల గ్రానైటును ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ అంటుంది. నల్లటి ఒంట్లో బంగారు రంగు మిణుకులు ఉండడమే దాని ఖరీదు. శిలాఫలకాలకు, సమాధి పలకలకు ఈ రాయి కోరి కొంటారు. అక్షరం చెక్కడం ఇప్పుడు ఎక్కువగా ఉలితో జరగదు. కంప్యూటర్ కోసిచ్చిన స్టిక్కరును పాలిష్ పలక మీద అంటించి, గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి, పడిన గుంటలో బంగారు రంగు నింపుతారు. ఇక్కడ బొడోని రకం సెరిఫ్ పెడితే రెండు చిక్కులు. వెంట్రుకంత గీత దగ్గర స్టిక్కరు అంచు లేచిపోతుంది. లేవకుండా నిలిచినా, బంగారు రంగు సన్న గీత రాయిలోని బంగారు మిణుకుల మధ్య కలిసిపోయి నాలుగు అడుగుల దూరం నుంచి అక్షరం సగమే కనిపిస్తుంది. అదే సన్న గీత కూడా తగినంత మందం ఉన్న బోల్డ్ సెరిఫ్ అయితే నిలబడుతుంది. రాయి మీద అక్షరం చదవగలగడం లావు గీత ఎంత లావన్నదానికంటే సన్న గీత ఎంత సన్నమన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది.

## 1845కు ముందు మామూలు అక్షరానికి బోల్డ్ జత లేదు

ఈ సంగతి మొదటిసారి విన్నవాళ్ళు నమ్మరు. అచ్చు మొదలైన నాలుగు వందల ఏళ్ళ దాకా పుస్తకంలో ఒక మాటను నొక్కి చెప్పాలంటే వాలు అక్షరాలో, పెద్ద అక్షరాలో వాడేవారు. లావు అక్షరాలు 19వ శతాబ్దం మొదట్లోనే వచ్చాయి గానీ వాటి పని వేరు. లండన్‌లో రాబర్ట్ థోర్న్ లాంటివాళ్ళు బొడోని తరహా అక్షరాన్ని ఉబ్బించి ఫ్యాట్ ఫేస్ చేశారు. లాటరీ టికెట్ల ప్రకటనలకు, గోడ పోస్టర్లకు దాన్ని వాడారు. అవి కేక వేయడానికి పనికొచ్చే అక్షరాలు. పేరా మధ్యలో ఒక మాటకు పెడితే పక్కనున్న అక్షరాలతో కలవవు.

1845లో లండన్ ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీకి (అచ్చు అక్షరాలు పోతపోసే కార్ఖానాకు) చెందిన రాబర్ట్ బెస్లీ, క్లారెండన్ అనే అక్షరాన్ని రిజిస్టర్ చేయించారు. దాన్ని చెక్కింది బెంజమిన్ ఫాక్స్. మామూలు అక్షరం పక్కన, అదే లైనులో, అదే ఎత్తులో కూర్చునేలా తయారైన మొదటి బోల్డ్‌గా దాన్ని చెప్పుకుంటారు. స్లాబ్ రకం సెరిఫే గానీ కొస నిలువు గీతలోకి మెల్లగా ఒంపు తిరిగి కలుస్తుంది, లావు సన్నాల తేడా కొద్దిగా మిగిలి ఉంటుంది. నిఘంటువుల్లో పదం లావుగా, అర్థం మామూలుగా ఉండడం మనకు ఇప్పుడు సహజంగా అనిపిస్తుంది కదా, ఆ అలవాటు బలపడింది ఈ రకం అక్షరాలతోనే. బెస్లీకి చట్టం ఇచ్చిన రక్షణ మూడేళ్ళు. గడువు తీరగానే మిగతా ఫౌండ్రీలన్నీ కాపీ కొట్టాయి. ఆ తర్వాత అమెరికాలో చెక్క అక్షరాల్లో ఇదే రూపం పాకింది. పరారీలో ఉన్న దొంగల కోసం వేసిన పోస్టర్లు అనగానే సినిమాల వల్ల మన కళ్ళ ముందుకొచ్చే అక్షరాలు ఈ కోవవే.

టైమ్స్ న్యూ రోమన్ కథ ఇంకా చిత్రం. స్టాన్లీ మోరిసన్ పర్యవేక్షణలో, విక్టర్ లార్డెంట్ గీయగా, 1932 అక్టోబరు 3న లండన్ టైమ్స్ పత్రిక దానితో అచ్చయింది. దాని మామూలు రూపం 16వ శతాబ్దపు పాత అక్షరాల పోలిక. పాత అక్షరాలకు బోల్డ్ ఏనాడూ లేదు, కాబట్టి కాపీ చేసుకోవడానికి నమూనా లేదు. అందుకని బోల్డ్‌ను 18వ శతాబ్దం చివరి నిటారు రకాలకు దగ్గరగా గీశారు. టైమ్స్‌లో చిన్న ‘డి’ని మామూలుగా, బోల్డ్‌లో పక్కపక్కన పెద్దగా చేసి చూస్తే తెలుస్తుంది. మామూలుదానికి పైకొస ఏటవాలుగా ఉంటుంది, బోల్డ్‌కు తిన్నగా అడ్డంగా ఉంటుంది. ఒకే పేరు కింద రెండు వేరే కాలాల అక్షరాలు. అందరికీ తెలిసిన సాంప్రదాయ బోల్డ్ సెరిఫ్ ఇలా రెండు సంప్రదాయాల అతుకు.

## ఒక్క అక్షరంలో నలుపు తెలుపుల లెక్క

బోల్డ్ గీయడమంటే నలుపు పెంచడం అనుకుంటాం. గీసేవాళ్ళ కుస్తీ అంతా తెలుపుతోనే. ఇంగ్లీషు చిన్న ‘ఎన్’ను తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండేందుకు అంకెలు ఊహించుకుందాం. రెండు నిలువు గీతలు ఒక్కొక్కటి 80 పాళ్ళు, మధ్య ఖాళీ 260. మొత్తం వెడల్పు 420.

ఇప్పుడు గీతల్ని 150కి పెంచాం. వెడల్పు మార్చకపోతే మధ్య ఖాళీకి మిగిలేది 420లోంచి 300 పోగా 120. తెలుపు సగానికంటే తక్కువైపోయింది. చిన్న సైజులో సిరా పాకితే అది కూడా పూడిపోతుంది. అందుకని అక్షరాన్ని 480 వెడల్పుకు సాగదీస్తారు. అప్పుడు ఖాళీ 180. మామూలుదానంత లేకపోయినా చదవడానికి చాలు.

దీనికి మూల్యం ఉంది. 420 నుంచి 480 అంటే ఒక్కో అక్షరం దాదాపు 14 శాతం ఎక్కువ చోటు తింటుంది. 100 పేజీల పుస్తకం మొత్తం బోల్డ్‌లో వేస్తే సుమారు 114 పేజీలవుతుంది. కాగితం ఖర్చు చూసుకునే పత్రికలకు ఇది గిట్టదు, అందుకే హెడ్డింగుల కోసం కుదించిన బోల్డ్‌లు ప్రత్యేకంగా గీయిస్తారు.

ఇంకో సూక్ష్మం. నిలువు గీతల్ని ఎంత పెంచారో అడ్డగీతల్ని అంత పెంచరు. ఇంగ్లీషు పెద్ద ‘ఈ’ అక్షరంలో అడ్డంగా మూడు గీతలుంటాయి. మూడూ రెట్టింపైతే ఎత్తులో చోటు చాలదు. అలాగే రెండు గీతలు కలిసే మూలల్లో నలుపు గడ్డ కట్టినట్టు కనిపిస్తుంది కాబట్టి అక్కడ గీతను కొంచెం సన్నం చేస్తారు. 1978లో అమెరికా టెలిఫోన్ డైరెక్టరీ కోసం మాథ్యూ కార్టర్ చేసిన బెల్ సెంటెనియల్‌లో ఆ మూలల్ని ఏకంగా కోసి వదిలారు, సిరా పాకి తనే నింపుకుంటుందని. అది సెరిఫ్ అక్షరం కాదు గానీ తెలుపును ముందుగానే దాచిపెట్టుకోవడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

## బి బటన్ నొక్కితే

వర్డ్‌లో బి నొక్కగానే కంప్యూటర్ ఆ కుటుంబంలో బోల్డ్ ఫాంటు ఉందేమో వెతుకుతుంది. ఉంటే దాన్ని తెస్తుంది. లేకపోతే చాలా ప్రోగ్రాములు ఉన్న అక్షరానికే చుట్టూ కాస్త నలుపు పులిమి బోల్డ్ అని చూపిస్తాయి. పైన చేసిన లెక్కలో వెడల్పు మార్చని మొదటి రకం అన్నమాట. సెరిఫ్‌లు మొద్దుబారుతాయి, లోపలి తెలుపు పూడుతుంది. తెలుగులో ఇది ఎక్కువ, ఎందుకంటే ఉచితంగా దొరికే మండలి, ఎన్టీఆర్ లాంటి మంచి ఫాంట్లకు ఒకే మందం ఉంది. వాటి మీద బి నొక్కితే వచ్చేది పులుముడే.

## బస్తా మీద, బోర్డు మీద, అఫిడవిట్ మీద

నెల్లూరు మొలగొలుకుల బియ్యం బస్తా మీద బ్రాండు పేరు చూడండి. నేసిన ప్లాస్టిక్ సంచి అది, ఉపరితలం గళ్ళు గళ్ళుగా ఉంటుంది. సన్న గీత ఆ గళ్ళ మధ్య తెగిపోతుంది. సిరా కూడా అంచులకు పాకుతుంది. అందుకే బస్తాల మీద క్లారెండన్ తరహా ఇటుక కొసల అక్షరాలు ఎక్కువ కాలం బతికాయి. ఇక్కడ సెరిఫ్ అలంకారం కోసం లేదు. గీత చివర కాస్త మసకబారినా ఆ అడ్డకొస వల్ల అక్షరం ఎక్కడ ముగిసిందో కన్ను పట్టుకుంటుంది.

నగల కొట్లకు, చీరల షోరూములకు కారణం వేరు. వెంకటగిరి చీరల దుకాణం బోర్డు మీద బొడోని తరహా బోల్డ్ పెడితే ఖరీదైనదన్న భావన వస్తుంది. ఫ్యాషన్ పత్రికలు దశాబ్దాలుగా ఆ అక్షరాలు వాడి మన కళ్ళకు ఆ అలవాటు చేశాయి. అదే అక్షరం హైవే మీద దాబా బోర్డుకు పెడితే ఎనభై కిలోమీటర్ల వేగంలో సన్న గీతలు మాయమై నిలువు లావులు మాత్రం కంచె కర్రల్లా కనిపిస్తాయి. సినిమా పోస్టర్లు, బేకరీలు ఇష్టపడే గుండ్రటి కొసల కూపర్ బ్లాక్ 1922 నాటిది. దాంట్లో హుందాతనం ఉండదు, కలుపుగోలుతనం ఉంటుంది. బోల్డ్ సెరిఫ్ అన్న ఒకే గొడుగు కింద ఇన్ని స్వభావాలున్నాయి కాబట్టి ‘బోల్డ్ సెరిఫ్ వాడండి’ అని ఎవరైనా అంటే అది సగం మాటే.

అఫిడవిట్‌లో బోల్డ్ పని దారి చూపడం. అరవై పేజీల కట్టలో జడ్జిగారు కేసు నంబరు, పార్టీల పేర్లు, ప్రార్థన వెతుక్కోవాలి. ఆ మూడు చోట్లే లావుగా ఉంటే కన్ను అక్కడే ఆగుతుంది. ప్రతి రెండో లైనూ బోల్డ్ చేసిన కాగితాలు కూడా వస్తుంటాయి. వాటిలో ఏదీ ప్రత్యేకంగా కనపడదు, చదివేవారికి టెన్షన్ తప్ప.

## హుందాతనమా, చదవడానికి సులువా

ఇప్పుడు అమెరికా గొడవకు వద్దాం. కొసలు లేని కాలిబ్రి పక్షం చెప్పేది ఇదీ: తెర మీద చదివేటప్పుడు సెరిఫ్‌లు, సన్న గీతలు కొందరికి గజిబిజిగా అనిపిస్తాయి. డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది) ఉన్నవాళ్ళకోసం పనిచేసే బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ సాన్స్ సెరిఫ్ వాడమనే చెబుతుంది. నొక్కి చెప్పడానికి వాలు, కింద గీత వద్దు, బోల్డ్ వాడమంటుంది. ఈ రెండో మాట మన చర్చలో తరచూ మరుగున పడుతుంది. సెరిఫ్‌ను కాదన్నవాళ్ళు కూడా బోల్డ్‌ను కాదనడం లేదు.

టైమ్స్ పక్షం వాదనలో రెండు పాయలున్నాయి. ఒకటి, అధికారిక కాగితానికి ఒక రూపం ఉండాలి, కోర్టులు, చట్టసభలు తరాలుగా వాడుతున్న రూపం అదే అన్నది. ఇది అలవాటు మీద నిలిచిన వాదన. అయినా అలవాటుకు విలువ లేదనలేం, ఎందుకంటే మనిషి అలవాటైన అక్షరాన్నే వేగంగా చదువుతాడు. రెండోది, కొసలు అక్షరాలను వరుసలో పట్టి ఉంచి కన్నును నడిపిస్తాయన్నది. ఇది పాఠ్యపుస్తకాల్లో చాలాకాలంగా ఉన్న మాటే గానీ పరిశోధనలు దీన్ని గట్టిగా బలపరచలేదు. సెరిఫ్‌కు, సాన్స్‌కు మధ్య చదివే వేగంలో ఎప్పుడూ ఒకవైపే మొగ్గే తేడా కనపడలేదు. అక్షరం సైజు, లైన్ల మధ్య ఎడం, కాగితం మీద వెలుతురు అంతకంటే ఎక్కువ తేడా తెస్తాయి. నా మటుకు నాకు, 14 సైజు, ఒకటిన్నర లైను ఎడం అన్న నిబంధనే సుప్రీంకోర్టు కాగితాల్లో కళ్ళకు అసలు మేలు చేసిందనిపిస్తుంది. ఫాంటు పేరు రెండో సంగతి.

## తెలుగులోకి వచ్చేసరికి: పంట వంట అయ్యేది ఎక్కడ

తెలుగు అక్షరానికి సెరిఫ్ లేదు. తలకట్టును సెరిఫ్‌తో పోల్చేవాళ్ళున్నారు గానీ పోలిక నిలవదు. ఇంగ్లీషులో సెరిఫ్ తీసేసినా అక్షరం అదే. తెలుగులో తలకట్టు తీసి గుడి పెడితే అక్షరమే మారుతుంది. నోటో సెరిఫ్ తెలుగు అన్న ఫాంటులో కూడా కొసలేమీ ఉండవు, గీతలో లావు సన్నాల తేడా ఉండడాన్నే అలా పిలిచారు.

అసలు చిక్కు వేరేచోట ఉంది. ‘ప’, ‘వ’ రెండూ దగ్గరి పోలిక. ‘వ’కు తలకట్టు ఒంటికి అంటుకుంటుంది. ‘ప’కు అంటదు, మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీయే రెండింటికీ తేడా. మామూలు మందంలో అది స్పష్టంగా కనపడుతుంది. పులిమిన బోల్డ్‌లో పైనుంచి తలకట్టు, కిందనుంచి ఒళ్ళు రెండూ ఉబ్బి ఆ ఖాళీని మింగేస్తాయి. ఫ్లెక్సీ మీద ‘పంట రుణాలు’ కాస్త దూరం నుంచి ‘వంట రుణాలు’ అవుతుంది. ఘ, ఫ, ష, స, హ అక్షరాలకూ తలకట్టు ఇలాగే ఎడంగా ఉంటుంది.

చుక్కలది ఇంకో బాధ. ‘ర’ లోపల చుక్క పెడితే ‘ఠ’. బడి గేటు మీద ‘పాఠశాల’ లావుగా రాస్తే చుక్క చుట్టూ ఉన్న తెలుపు పూడి నల్ల ఉండ మిగులుతుంది. పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి ఉత్సవాల కరపత్రం తీసి ‘రంగనాథ’ అన్న చోట దగ్గరగా చూడండి. ‘థ’కు లోపల చుక్క, కింద చిన్న గీత రెండూ ఉంటాయి. బోల్డ్‌లో లోపలి చుక్క ఒంట్లో కలిసిపోతే అది ‘ధ’. చదివేవాళ్ళకు స్వామి పేరు తెలుసు కాబట్టి సరిపోతుంది, తెలియని పేరైతే తప్పే చదువుతారు. ఇంగ్లీషు బోల్డ్‌లో తెలుపు తగ్గితే అక్షరం అందం తగ్గుతుంది. తెలుగులో తగ్గితే అక్షరమే మారిపోతుంది. తెలుగు బోల్డ్ గీసేవాళ్ళు ముందు ఈ ఖాళీలకూ చుక్కలకూ చోటు కేటాయించుకుని, మిగిలినదాంట్లోనే నలుపు నింపాలి.

## ఐదు మాటలు, ఐదు వత్తులు: జిల్లా పేరు బోర్డు

‘శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా’. ఐదు మాటలు. ప్రతి మాటలోనూ ఒక వత్తు ఉంది: రెండు శ్రీలలో రెండు క్రావళ్ళు, ఒక ట వత్తు, రెండు ల వత్తులు. బోల్డ్‌కు ఇంతకంటే కఠినమైన పరీక్ష కావాలని కోరి వెతికినా దొరకదు. దీన్ని ఇంగ్లీషుతో పాటు ఒకే బోర్డు మీద పక్కపక్కన రాయాలనుకోండి.

బోర్డు ఎత్తు 24 అంగుళాలు. పైనా కిందా 4 చొప్పున వదిలితే మిగిలేది 16. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు కిందికి వేలాడేది దాదాపు ఏమీ లేదు. 16 అంగుళాలూ అక్షరానికే. 3 అంగుళాల లావు నిలువు గీత వేస్తే దర్జాగా ఉంటుంది.

తెలుగుకు అదే 16లో పైన గుడి దీర్ఘానికి 3, కింద వత్తుకు 5 పోతే ఒంటికి మిగిలేది 8. పక్కన ఇంగ్లీషుకు సమానంగా ఉండాలని ఇక్కడా 3 అంగుళాల గీత వేస్తే, అక్షరం పైగీత, కిందిగీత కలిపి 6. లోపలి తెలుపు 2 అంగుళాలు. అదే గీతను అంగుళంన్నరకు తగ్గిస్తే తెలుపు 5 అంగుళాలు, అక్షరం ఊపిరి తీసుకుంటుంది. అయితే ఇంగ్లీషు పక్కన తెలుగు పీలగా కనిపిస్తుంది. ‘మా భాషను చిన్నగా రాశారు’ అన్న ఫిర్యాదుల్లో కొన్నిటి వెనక ఉన్నది ఈ కొలతే, నిర్లక్ష్యం కాదు. రెండు భాషలనూ ఒకే ఎత్తు పెట్టెలో ఇరికించినంత కాలం ఏ ఫాంటు మార్చినా ఇది తీరదు. తెలుగు వరుసకు ఎక్కువ ఎత్తిచ్చి, ఇంగ్లీషును కింద చిన్నగా రాసిన బోర్డుల్లో మాత్రం రెండూ సమానంగా ఉన్నట్టు కనిపిస్తాయి.

వత్తును కుదించడం ఇంకో దారి. కొన్ని ఫాంట్లు వత్తును చిన్నది చేసి కిందికి కాకుండా పక్కకు జరుపుతాయి. పత్రికల హెడ్డింగుల్లో లైన్లు దగ్గరగా పేర్చడానికి అది పనికొస్తుంది. కానీ చిన్నదైన వత్తుకూ పెద్ద అక్షరానికీ గీత లావు ఒకేలా ఉంచాలంటే వత్తులో తెలుపు మిగలదు, లావు తగ్గిస్తే వత్తు వేరే ఫాంటు నుంచి తెచ్చి అతికించినట్టుంటుంది. మంచి బోల్డ్‌లో వత్తు గీత ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. తేడా ఉందని కన్నుకు తెలియకుండా ఉండడమే పనితనం.

## తెలుగుకు తనదైన మందపాటి అక్షరం ఉందా

ఇక్కడ అక్షరాలు గీసేవాళ్ళలోనే రెండు అభిప్రాయాలున్నాయి.

ఒక పక్షం చెప్పేది: లావు సన్నాల తేడా వెడల్పు పాళీ నుంచి వచ్చింది, మనం రాసింది గంటంతో. తాటాకు మీద గంటం గీరిన గీత అంతటా ఒకే మందం. శాసనాల్లోనూ అంతే. అద్దంకిలో దొరికిన 9వ శతాబ్దపు పండరంగని శాసనం తరువోజ పద్యంలో ఉంటుంది, దాంట్లో పండరంగని పేరు లావుగా, మిగతాది సన్నగా చెక్కలేదు. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా వేసిన నెల్లూరు జిల్లా శాసనాలు తిరగేస్తే ఈ నేల మీద ఎంత రాతి రాత ఉందో తెలుస్తుంది. ఆ సంప్రదాయంలో నొక్కి చెప్పడానికి మందం సాధనం కాదు. కాబట్టి తెలుగు బోల్డ్ అంతటా ఒకే లావుతో గుండ్రంగా ఉండాలి, టైమ్స్ బోల్డ్‌ను అనుకరించకూడదు.

రెండో పక్షం చెప్పేది: అచ్చు మనకు వచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది, అదీ మన సంప్రదాయమే. నెల్లూరు జిల్లా వావిళ్ళకు చెందిన రామస్వామి శాస్త్రులు మద్రాసులో 1854లో ప్రెస్సు పెట్టిన నాటి నుంచి తరతరాల తెలుగువాళ్ళు భారతం, భాగవతం చదివింది సీసపు అక్షరాల్లోనే. ఆ అక్షరాల్లో లావు సన్నాలున్నాయి, వాటికి కన్ను అలవాటు పడింది. పద్యం మామూలుగా, టీక చిన్నగా, శీర్షిక లావుగా అన్న పద్ధతి మన పుస్తకాల్లో ఎప్పుడో స్థిరపడింది.

ఫాంట్లలో ఈ రెండు దారులూ కనిపిస్తాయి. ఫియోనా రాస్, జాన్ హడ్సన్ గీసిన తిరో తెలుగు పాత అచ్చు పుస్తకాల పోలికతో లావు సన్నాలున్న అక్షరం, కానీ దానికి బోల్డ్ ఇవ్వలేదు. మామూలు, వాలు రెండే. శీర్షికకు సైజు పెంచుకోవాల్సిందే. రామభద్ర అందుకు పూర్తిగా భిన్నం, హెడ్డింగుల కోసమే పుట్టిన లావు అక్షరం, దానికి మామూలు మందం లేదు. బలూ తమ్ముడు ఉబ్బిన గుండ్రటి రకం. నోటో సెరిఫ్ తెలుగు 100 నుంచి 900 దాకా అన్ని మందాలూ ఇస్తుంది. పైగా అది వేరియబుల్ ఫాంటు, అంటే 400కూ 700కూ మధ్య 560 కావాలన్నా తీసుకోవచ్చు. 2016లో వచ్చిన ఈ సాంకేతికత ఇంగ్లీషుకంటే తెలుగుకే ఎక్కువ అక్కరకొస్తుంది. ఇంగ్లీషు 700 పక్కన తెలుగు 700 పెడితే తెలుగు ఎక్కువ నల్లగా కనిపించవచ్చు, అప్పుడు తెలుగును మాత్రం 620కో 600కో దించుకుంటే పేజీ మీద నలుపు సమానంగా కనిపిస్తుంది.

డీటీపీ షాపుల్లో ఈ సదుపాయం ఇంకా అంతగా దిగలేదు. శుభలేఖలు, కరపత్రాలు ఎక్కువగా ‘అను’ అనే పాత తరహా ఫాంట్లలోనే తయారవుతున్నాయి. వాటిలో అలంకార అక్షరాలు, లావు అక్షరాలు వేటికవే వేరే పేర్లతో ఉంటాయి, మందాన్ని మెల్లగా జరుపుకునే వీలుండదు. ఆ ఫైలును యూనికోడ్‌లోకి, అంటే అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే అక్షరాల పద్ధతిలోకి మార్చినప్పుడు అక్షరాలు వస్తాయి గానీ మందం తరచూ పోతుంది. హెడ్డింగులన్నీ మళ్ళీ చేత్తో ఎంచి బోల్డ్ చేయాలి, అప్పుడు ఎంచుకున్న యూనికోడ్ ఫాంటుకు నిజమైన బోల్డ్ ఉందా లేదా అన్న ప్రశ్న మళ్ళీ మొదటికొస్తుంది.